గొడుగు మర్చిపోయిన ఇద్దరమ్మాయిలు

"ఇది నా కోటు కాదు."

కౌంటరు మీద కోటు పరిచి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆ అమ్మాయి ఆ మాట అనగానే నాకు నవ్వొచ్చింది. మా డ్రై క్లీనింగ్ షాపులో బట్టలు తారుమారవడమా! తాత పెట్టిన నాటి నుంచి ఒక్క చేతిరుమాలు కూడా చేతులు మారలేదని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. వినీ వినీ ఆ ఉపన్యాసం నాకూ కంఠతా వచ్చేసింది.

"మేడమ్, శుభ్రం చేశాక కోటు కొత్తగా కనిపిస్తుంది. అలా అనిపించడం మామూలే" అన్నాను.

"కొత్తగా కనిపిస్తే సంతోషించేదాన్ని. ఇది పొడుగు పెరిగింది!"

నేను ఇంకో మాట అనేలోపు ఆమె కోటు తొడుక్కుని చూపించింది. చేతులు లోపలెక్కడో ఆగిపోయాయి. ఖాళీగా వేలాడుతున్న ఆ చివర్లు రెండూ నా మొహం మీదికి ఊపింది.

"మీ సబ్బులో ఏం కలుపుతారండీ? ఎరువా?"

వెనక ఆవిరి ఇస్త్రీ బల్ల దగ్గర మావయ్య కిసుక్కున నవ్వాడు. మావయ్యంటే నా మేనమామ కాదు. నేను పుట్టక ముందు నుంచీ మా షాపులో ఇస్త్రీ చేస్తున్నాడు, అందుకని మావయ్య. నా పరువు ఎప్పుడు పోతుందా అని చెవులు రిక్కించుకుని ఉంటాడు.

"చీటీ చూద్దాం" అన్నాను నేను, గొంతులో కాస్త ఠీవి తెచ్చుకుని. కోటు మెడ దగ్గర పిన్నీసుతో గుచ్చిన చీటీ తిప్పి చూశాను. 'గొడుగు మర్చిపోయినమ్మాయి' అని ఉంది.

ఆమె కూడా తొంగి చూసింది. "ఇదేంటి? ఇది నా పేరా?"

అందరూ అడిగేదే. మా షాపులో పేర్లు అడగం, ఫోన్ నంబర్లు రాయం. తాతకి పేర్లు గుర్తుండేవి కావు. ఒకే పేరు పదిమందికి ఉంటుంది, కౌంటరు ముందు మనిషి చేసే పని మాత్రం ఎవరిది వాళ్లదే అని ఆయన సిద్ధాంతం. అందుకని వచ్చినవాళ్లు ఏం చేశారో అదే చీటీ మీద రాసేవాడు. 'తలుపు అనుకుని అద్దాన్ని తోసినాయన', 'కుక్కని బయట కట్టేసినావిడ', 'మెట్ల మీద పడిపోయినాయన'. తాత పోయాడు, సిద్ధాంతం మిగిలింది.

"మొన్న వర్షంలో వచ్చి గొడుగు మర్చిపోయింది మీరేనా కాదా?" అన్నాను లాయరులా.

"నేనే."

"అయితే కోటు మీదే."

"ఆహా! అయితే రేపట్నుంచి నేను పొడుగు పెరగాలన్నమాట!"

ఇంతలో అమ్మ లోపల్నుంచి కర్టెన్ల కట్ట మోసుకుంటూ వచ్చింది. "గొడుగు మర్చిపోయినమ్మాయా? పొద్దున్నే వచ్చి కోటు పట్టుకుపోయిందిగా!" అంది.

మూలన చూశాను. గొడుగులు రెండున్నాయి. ఆ వర్షం రోజు పొద్దున కౌంటర్లో అమ్మ కూర్చుంది, సాయంత్రం నేను కూర్చున్నాను. పొద్దున ఒకమ్మాయి నీలం కోటు ఇచ్చి గొడుగు మర్చిపోయింది. సాయంత్రం ఇంకో అమ్మాయి నీలం కోటు ఇచ్చి గొడుగు మర్చిపోయింది. ఇద్దరికీ ఒకే చీటీ రాశాం. తాత సిద్ధాంతం మీద పిడుగు పడింది.

"మరి ఆ అమ్మాయి ఈ రోజైనా గొడుగు తీసుకెళ్లలేదే?" అన్నాను బిక్కమొహం వేసుకుని.

"మళ్లీ మర్చిపోయింది" అంది అమ్మ.

"ఆవిడకి ఫోన్ చెయ్యండి" అంది మా ఎదుట ఉన్న అమ్మాయి.

"నంబరు లేదండీ."

"ఇంటికెళ్లండి."

"ఇల్లు తెలీదండీ."

"కనీసం పేరు?"

నేను చీటీ వైపు చూశాను. ఆమె కూడా చీటీ వైపు చూసింది. తర్వాత నన్ను ఎగాదిగా చూసింది. మావయ్య ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ వింటున్నాడు.

"ఆవిడ ఆ కోటు తొడుక్కున్నప్పుడు బిగుతుగా ఉంటుంది కదా, అప్పుడు తనే తెస్తుంది" అన్నాను.

"ఎప్పుడు తొడుక్కుంటుంది?"

"వాన పడి, చలేస్తే."

ఇద్దరం బయటికి చూశాం. ఆకాశం ఉతికి ఆరేసినట్టు శుభ్రంగా ఉంది. ఒక్క మబ్బు తునక లేదు.

"అది మా అక్క కోటు. అడక్కుండా తెచ్చుకున్నాను. వచ్చేవారం ఇంగ్లీషు టీచర్ ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పాలి, అదే వేసుకెళ్లాలి. ఆ ఉద్యోగం రాకపోతే అక్కావాళ్ల ఊరెళ్లిపోయి, బావ టైల్స్ షాపులో బిల్లులు కొట్టుకుంటూ కూర్చోవాలి. కోటు కూడా లేకుండా వెళ్తే అక్క నన్ను ఆ టైల్స్ కిందే పరిచేస్తుంది. రోజూ వస్తాను. రోజూ అడుగుతాను. దొరికేదాకా మిమ్మల్ని వదిలిపెట్టను."

నిజం చెప్పాలంటే ఆ ఆఖరి వాక్యం నాకు చాలా బావుంది.

*

అన్నట్టే రోజూ వచ్చింది. పిల్లలకి ట్యూషన్లు ముగించుకుని సాయంత్రం మా షాపు ముందు ఆగేది. "వచ్చిందా?" అనేది. "రాలేదు" అనేవాణ్ణి. వెళ్లిపోయేది. అంతే. ఆ రెండు మాటల కోసం నేను మధ్యాహ్నం నుంచే తల దువ్వుకోవడం మొదలుపెట్టాను.

"అల్లుడూ, ఆ చొక్కా కస్టమర్‌ది కాదు కదా?" అనేవాడు మావయ్య.

"నాదే. ఎందుకు?"

"మడత నలక్కుండా ఉంటేనూ, అనుమానమొచ్చింది."

ఒకరోజు ఆమె "వచ్చిందా?" అని కూడా అడగలేదు. వచ్చి స్టూలు మీద కూలబడి నుదురు నొక్కుకుంది. నేను మంచినీళ్లిచ్చాను.

"డెమో టాపిక్ ఇచ్చారు" అంది. "నలుగురం పోటీ. అందరికీ ఒకటే టాపిక్. రిలేటివ్ క్లాజుల్లో పాస్ట్ టెన్స్ ఫ్రేజల్ వెర్బ్స్."

"రోగం పేరులా ఉందే!"

"నాకూ అలాగే ఉంది. రూల్ చెప్పడం తేలికే. హాస్టల్లో నా రూమ్మేట్‌కి చెప్పి చూశాను, సగంలో నిద్రపోయింది. పుస్తకంలో ఉదాహరణలు చూడండి! 'గుర్రం మీద నుంచి దిగిన సైనికుడు'. నా జన్మలో సైనికుణ్ణీ చూడలేదు, గుర్రాన్నీ చూడలేదు."

ఆమె మాట ఆగిపోయింది. నా వెనక రాడ్డుకి వరసగా వేలాడుతున్న బట్టల్ని, వాటి మీది చీటీల్ని చూస్తోంది. లేచి వచ్చి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. "కుక్కని బయట కట్టేసినావిడ... మెట్ల మీద పడిపోయినాయన... ఫోన్లో మాట్లాడుతూ ఏడ్చేసినావిడ..." పెదాలు బిగబట్టుకుంది కానీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వుకి మావయ్య ఇస్త్రీ పెట్టె ఉన్నచోటే ఉండిపోయింది. ఎవరిదో కాలర్ కాస్తలో తప్పించుకుంది.

"ఇదంతా నా పాఠమేనండీ!" అంది. "పడిపోయినాయన. కట్టేసినావిడ. చేసిన పనిని బట్టి మనిషిని గుర్తుపట్టడం. రిలేటివ్ క్లాజ్ అంటే ఇంకేముంది?"

"మాకు తెలీకుండా మేం ఇంగ్లీషు మాట్లాడేస్తున్నామా?"

"ఇంగ్లీషు కాదు లెండి. చూడండి, తెలుగులో పని ముందు చెప్తాం, మనిషి ఆఖర్న వస్తాడు. పడిపోయిన... అని విన్నాక, ఎవరు పడ్డారా అని ఆగాలి. ఇంగ్లీషులో మనిషిని ముందు నిలబెడతారు. ద మ్యాన్. తర్వాత 'హూ' అని..." చుట్టూ చూసి, ఖాళీ హ్యాంగరు ఒకటి తీసి రాడ్డుకి తగిలించింది. "ఇదిగో, ఈ కొక్కెం. ఈ కొక్కేనికి ఆయన చేసిన పని వేలాడేస్తారు. ద మ్యాన్ హూ ఫెల్ డౌన్."

"బావుందే! మరి ఆ 'డౌన్' ఎందుకు? పడటమంటే కిందికేగా పడతారు?"

"మీరు 'పోయి' ఎందుకంటున్నారు? పడినాయన అంటే చాలదా? పడి'పోయి'నాయన, కట్టి'వేసి'నావిడ. ఫ్రేజల్ వెర్బంటే తోకున్న మాటే. మనకీ తోకలున్నాయి. ఆ తోక తీసేస్తే మాటలో ఉసురుండదు. జరిగిపోయిన సంగతి చెప్పేటప్పుడు ముందు మాట మారుతుంది, తోక మారదు. పిక్ అప్, పిక్డ్ అప్."

"పిక్ అప్‌డ్" అన్నాడు మావయ్య అక్కణ్ణుంచి.

"తోకని ముట్టుకోకూడదు మావయ్యగారూ!"

మావయ్యగారూ అంది! ఆ రోజంతా ఆయన్ని పట్టుకోలేకపోయాం.

ఆ రోజు నుంచి మా షాపు బడైపోయింది. ఆమె రావడం, కౌంటరు అవతల స్టూలు మీద కూర్చోవడం, చీటీ తీసి నాకివ్వడం, నేను ఇంగ్లీషులో చెప్పడం. డెమోకి ఎవరి విద్యార్థిని వాళ్లే వెంట తెచ్చుకోవాలట. "మీరు వస్తారా?" అని అడిగింది. నేను వెంటనే ఒప్పుకోకూడదు, కాస్త ఆలోచించినట్టు కనిపించాలి అనుకున్నాను. అనుకునేలోపే "వస్తాను" అనేశాను.

"ఫోన్లో మాట్లాడుతూ ఏడ్చేసినావిడ. చెప్పండి."

"ద లేడీ హూ క్రైడ్..."

"ఇంకా మంచి మాటుంది. బ్రోక్ డౌన్."

"బ్రోక్ డౌనంటే బండి ఆగిపోవడం కదండీ?"

"మనుషులూ ఆగిపోతారు" అంది. తర్వాత ఆమె గబగబా ఇంకో చీటీ తీసింది.

ఈ పాఠాలు మొదలైతే చాలు, అమ్మ మాయమయ్యేది. "మీరు చదువుకోండి తల్లీ, నేను టీ పెట్టుకొస్తా" అని లోపలికి పోయేది. మా అమ్మ టీ పెట్టడానికి అంతసేపు పడుతుందని నాకు అదివరకు తెలీదు. నాకా, అమ్మ సంగతి ఆలోచించే తీరిక లేదు. కౌంటరు మీద రాసి చూపించడానికి ఆమె సుద్దముక్క పట్టుకునే పద్ధతి, జవాబు తప్పు చెప్పినప్పుడు కనుబొమ్మ ఒకటే లేచే పద్ధతి, వాటిని గమనించడానికే పొద్దు చాలడం లేదు. ఆ కనుబొమ్మ కోసం నేను వచ్చిన జవాబులు కూడా తప్పు చెప్పేవాణ్ణి.

ఆమె పేరు కూడా నాకు తెలీదు. అడుగుదామని రోజూ అనుకునేవాణ్ణి. తాత సిద్ధాంతం అడ్డొచ్చిందని చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి నోరు పెగల్లేదు. "టీచర్" అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను "షాపుగారూ" అనేది.

డెమో దగ్గరపడే కొద్దీ నాకు భయం పట్టుకుంది. ఉద్యోగం రాకపోతే వెళ్లిపోతుంది. వస్తే మాత్రం? మా షాపుతో ఆమెకేం పని? కానీ ఊళ్లోనే ఉంటుంది కదా, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

*

డెమో ముందురోజు సాయంత్రం వాన దంచి కొట్టింది. ఆమె తడిసి ముద్దై వచ్చింది. గొడుగు మా షాపులోనే ఉంది మరి. తీసుకెళ్లమని రోజూ చెప్పేవాణ్ణి, రేపు రేపు అనేది. అమ్మ బయటికెళ్లింది. మావయ్య బల్ల దగ్గర ఉన్నాడు.

"ఆ స్కార్ఫ్ ఆరేసుకోమ్మా. లోపలి రాడ్డుకి హ్యాంగర్లున్నాయి" అన్నాడు.

ఆమె కర్టెన్ తొలగించి లోపలికెళ్లింది. చాలాసేపు చప్పుడు లేదు. ఏమైందా అని నేను తల ఎత్తేసరికి బయటికొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు తొడిగిన నీలం కోటు ఉంది.

"ఇది మా అక్క కోటు" అంది. గొంతు మామూలుగా లేదు. "మూడో బొత్తాం వేరే రంగు. నేనే కుట్టాను. ఇది ఎప్పుడొచ్చింది?"

తిరిగొచ్చాక ఆ కోటు నేను చూడటం అదే మొదలు.

"అదా? వారం అయ్యుంటుందమ్మా" అన్నాడు మావయ్య, ఏమీ ఎరగని అమాయకుడిలా. నిజంగానే ఏమీ ఎరగడు పాపం. "ఎవరో అమ్మాయి తెచ్చిచ్చింది. పొడుగు కోటు తీసుకెళ్లింది. దీన్ని నీకప్పుడే ఇచ్చేశారనుకున్నాను. గొడుగు మళ్లీ మర్చిపోయింది."

"వారం!" ఆమె నా వైపు తిరిగింది. "వారం నుంచి రోజూ అడుగుతున్నాను. రోజూ 'రాలేదు' అంటున్నావు. నా కళ్లలోకి చూసి!"

"నాకు తెలీదు. ఒట్టు!"

"మీ షాపులో, మీ గోడ వెనక, నీకు తెలీకుండా ఉందా? నేను కంగారు పడుతుంటే సరదాగా ఉందా నీకు? అక్కకి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలీక నిన్న ఎంత ఏడ్చానో తెలుసా?"

ఆమె నన్ను 'నువ్వు' అంటోందని అంత గొడవలోనూ నా మనసు గమనించింది. సంతోషించాల్సిన సమయం కాదు కాబట్టి ఊరుకున్నాను.

"రేపు నువ్వు రానక్కర్లేదు" అంది. కళ్లు తడిగా ఉన్నాయి. "విద్యార్థి లేకపోతే లేకపోయాడు. అబద్ధాలాడేవాణ్ణి పక్కన పెట్టుకుని పాఠం చెప్పలేను."

కోటు గుండెకి హత్తుకుని వానలోకి నడిచి వెళ్లిపోయింది. గొడుగు మళ్లీ మూలనే ఉంది. నేను దాన్ని పట్టుకుని వీధి చివరదాకా పరిగెత్తాను. అప్పటికే బస్సెక్కేసింది.

అమ్మ వచ్చేసరికి నేను తల పట్టుకుని కూర్చున్నాను.

"అమ్మా! ఆ కోటు నువ్వు దాచావా?"

"దాచాను" అంది అమ్మ, తడి చెప్పులు గుమ్మంలో విదిలిస్తూ.

"ఎందుకే?"

"ఇచ్చేస్తే ఆ పిల్ల రేపట్నుంచి ఎందుకొస్తుంది? నువ్వా, నోరు తెరిచి చెప్పే రకానివి కాదు. చెప్పేదాకా కోటు ఉండనీ అనుకున్నాను. వారం రోజుల్నుంచి చూస్తున్నా. ద మ్యాన్, ద లేడీ అంటావే గానీ, అసలు మాట ఒక్కటీ అనవేం?"

"ఆ అమ్మాయి ఎంత ఏడ్చిందో తెలుసా? రేపు డెమో! విద్యార్థి లేకుండా వెళ్తుంది. ఉద్యోగం పోతుంది. ఊరొదిలి వెళ్లిపోతుంది!"

అమ్మ మొహంలో రంగు మారింది. కుర్చీ అంచున కూర్చుంది. "నేను అంతదూరం ఆలోచించలేదురా" అంది మెల్లగా. "ఇప్పుడే వెళ్లి చెప్తాను. పద. హాస్టలెక్కడ?"

"తెలీదు."

"ఫోన్ నంబరు?"

"తెలీదు."

"పేరు?"

మావయ్య పెద్దగా నిట్టూర్చాడు. "ఇక రేపు డెమో దగ్గరికే పోవాలి" అన్నాడు.

*

ఇన్‌స్టిట్యూట్ ఒక బ్యాంకు పైన రెండో అంతస్తులో ఉంది. వరండాలో బెంచీల మీద పోటీకొచ్చినవాళ్లు, పక్కన వాళ్ల విద్యార్థులు. ఆమె ఒక్కతే చివర కూర్చుంది, నీలం కోటు మెడదాకా బొత్తాలు పెట్టుకుని. అమ్మనీ నన్నూ చూసి మొహం గోడ వైపు తిప్పుకుంది.

నేను దగ్గరికెళ్లే లోపే తలుపు తెరుచుకుంది. కళ్లజోడు పెట్టుకున్న ప్రిన్సిపాల్ బయటికొచ్చి, "తర్వాత మీరే. మీ విద్యార్థి ఎవరు?" అంది.

ఆమె లేచి నిలబడింది.

"నేనేనండీ!" అన్నాను. ఆమె నా వైపు చురచురా చూసింది గానీ, కాదనలేదు.

"మంచిది. విద్యార్థికి ఈ పాఠం ముందే వచ్చి ఉండకూడదు. అది మా నియమం" అంది ప్రిన్సిపాల్. టీచర్‌కి ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది, చప్పున నా వైపు తిరిగింది. ప్రిన్సిపాల్ నన్ను అడిగింది. "బస్సు దిగినాయన అని ఇంగ్లీషులో ఎలా అంటారు?"

తెలీదు అంటే సరిపోయేది. కానీ ఎన్ని సాయంత్రాల అలవాటు! ప్రశ్న చెవిన పడగానే నోరు దానంతటదే తెరుచుకుంది. "ద మ్యాన్ హూ గాట్ ఆఫ్ ద బస్."

"భేష్. ఈయనకి వచ్చు. ఈయన కుదరరు."

జన్మలో మొదటిసారి ఒకరు నా ఇంగ్లీషు మెచ్చుకున్నారు. ఆ మెప్పుతోనే కొంప మునిగింది. ఆమె కళ్లు మూసుకుంది.

"నాకు రాదండీ!"

అందరూ వెనక్కి తిరిగారు. అమ్మ చెయ్యి పైకెత్తి నిలబడింది.

"షాపులో మాట్లాడే ఇంగ్లీషు వచ్చు. టుమారో రెడీ, స్టెయిన్ నో గో, అలాంటివి. పాఠాలేవీ రావు. నేను కూర్చోవచ్చా?"

"మీరు నిక్షేపంలా పనికొస్తారు" అంది ప్రిన్సిపాల్.

తలుపు పూర్తిగా మూయలేదు. నేను ఆ సందులోంచి చూస్తూ నిలబడ్డాను. అమ్మ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. వెనక ప్రిన్సిపాల్, ఇంకో ఇద్దరు. టీచర్ బోర్డు దగ్గర కొయ్యబారి నిలబడింది. మొదటి వాక్యం రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసింది.

"తల్లీ" అంది అమ్మ గుసగుసగా, వరండాదాకా వినబడేలా. "కోపం తర్వాత. ముందు పాఠం చెప్పు."

ఆమె బోర్డు మీద ఒక మనిషి బొమ్మ గీసింది. పక్కన కొక్కెం గీసింది. మనిషిని ముందు నిలబెడతాం, కొక్కెం తగిలిస్తాం, దానికి చేసిన పని వేలాడేస్తాం. ముందు మాట మారుతుంది, తోక మారదు. ఉన్నకొద్దీ గొంతు నిలదొక్కుకుంది. అమ్మ చేత ఫెల్ డౌన్ అనిపించింది, గాట్ ఆఫ్ అనిపించింది. అమ్మకి ఉత్సాహం వచ్చేసింది.

"ఇప్పుడు మీ సొంత వాక్యం" అంది టీచర్. "ఈమధ్య మీరు చేసిన పని ఏదైనా చెప్పండి. తెలుగులో చెప్పినా ఫర్వాలేదు, ఇద్దరం కలిసి ఇంగ్లీషులోకి తెద్దాం."

అమ్మ కాసేపు ఒళ్లో చేతులు చూసుకుంది. "దాచేశాను" అంది.

"ఏం దాచేశారు?"

"నీ కోటు."

బోర్డు మీద సుద్ద ఆగిపోయింది. లోపల ముగ్గురూ ఇది పాఠంలో భాగమే అనుకుని తల పంకిస్తున్నారు.

"దాచేయడం..." అంది టీచర్. "హైడ్ అవే. జరిగిపోయింది కాబట్టి హిడ్ అవే. చెప్పండి."

అమ్మ లేచి నిలబడింది. ఒక్కో మాటా బియ్యంలో రాయి ఏరినట్టు ఏరి చెప్పింది. "ఐ యామ్ ద వుమన్ హూ హిడ్ అవే యువర్ కోట్." అంతటితో ఆగలేదు. "మై సన్ నో హైడ్. మై సన్ నో నో."

"రెండో వాక్యం తర్వాత దిద్దుకోవచ్చు" అంది ప్రిన్సిపాల్ వెనక నుంచి.

టీచర్ దిద్దలేదు. అమ్మ వైపే చూస్తోంది. "వై?" అంది. అది ఏ పాఠంలోదీ కాదు.

"ఎందుకంటే, కోటిచ్చేస్తే నువ్వు..."

"ఇంగ్లీషులో" అంది ప్రిన్సిపాల్.

"కోట్ గో, యూ గో" అంది అమ్మ. "యూ గో, మై సన్ సిట్ లైక్ దిస్." గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నోరు వేలాడేసి, లోకం కొట్టుకుపోయినట్టు ఒక మొహం పెట్టింది.

గదంతా గొల్లుమంది. నేను అలా కూర్చుంటానని నాకిప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. టీచర్ బోర్డు వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. తిరిగేసరికి కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు. సుద్ద తీసుకుని అమ్మ మాటల్నే సరైన వాక్యాలుగా మార్చి రాసింది. ఆవిడ దాచేసిన కోటు, ఆ కోటు వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న కొడుకు. ఒక్కో వాక్యానికీ అమ్మ "ఎస్, ఎస్, కరెక్ట్" అంటూ సాక్ష్యం చెప్పింది.

అందరి డెమోలూ అయ్యాక ప్రిన్సిపాల్ బయటికొచ్చింది. "మిగతా విద్యార్థులు టీచర్ కోసం వాక్యాలు చెప్పారు. ఈవిడ తనకి చెప్పుకోవాల్సింది ఉండి చెప్పింది. అది రాబట్టినవాళ్లే మాకు కావాలి" అని టీచర్ వైపు చూసింది. "సోమవారం నుంచి వచ్చెయ్యండి."

టీచర్ ముందు చేసిన పని, మా అమ్మని పట్టుకుని ఏడవడం. అమ్మ ఆమె వీపు నిమురుతూ, "తప్పు నాది తల్లీ. నిన్ను ఏడిపించాలని కాదు. నన్ను ఏమైనా అను, పడతాను. వాణ్ణి మాత్రం ఏమీ అనకు. వాడికి అబద్ధమాడే తెలివి కూడా లేదు" అంది.

నన్ను వెనకేసుకొచ్చిందో, పరువు తీసిందో నాకర్థం కాలేదు. అంతలోనే అమ్మ కొంగు దులుపుకున్నంత తేలిగ్గా, "అయ్యో, మావయ్య ఒక్కడే ఉన్నాడు షాపులో, కర్టెన్లు కాల్చేస్తాడు" అంటూ మెట్లు దిగిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మేమిద్దరం మెల్లగా దిగాం. బయట వాన తుంపర పడుతోంది. బ్యాంకు వాళ్ల రేకు కింద నిలబడ్డాం.

"నిన్న నోటికొచ్చినట్టు అనేశాను" అంది. "నీ మాట నమ్మాల్సింది."

"ఇంకో నాలుగు అన్నా ఫర్వాలేదు. 'నువ్వు' అన్నావు, అది చాలు."

ఆమెకి అర్థమైంది. కోటు బొత్తాం ఒకటి విప్పి, మళ్లీ పెట్టుకుంది. "కోటు దొరికింది. డెమో అయిపోయింది. ఇక మీ షాపుకి రావడానికి నాకు పనేమీ లేదు."

"అవును" అన్నాను.

"అవునా! అంతేనా?"

అమ్మ పెట్టిన మొహం కళ్ల ముందు మెదిలింది. ఈ రోజు నోరు తెరవకపోతే జీవితమంతా ఆ మొహంతోనే కూర్చుంటాను.

"ఐ యామ్ ద మ్యాన్ హూ..." అని మొదలుపెట్టాను.

"తెలుగులో చెప్పు" అంది. "నేనిప్పుడు టీచర్ని కాదు."

"నువ్వంటే నాకిష్టం" అన్నాను. "చాలా ఇష్టం. నువ్వు వచ్చే వేళ దాటితే నాకు చేతికి పని రాదు. నిన్న నువ్వు బస్సెక్కేశాక, ఇక నిన్ను చూడనేమోనని ప్రాణం పోయినట్టయింది. పని లేకపోయినా రా. కోటు లేకపోయినా రా. రోజూ రా."

ఆమె తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. తుంపర కాస్త జోరందుకుంది, ఇద్దరం రేకు లోపలికి ఒక అడుగు జరిగాం.

"పనేమీ లేకుండా రోజూ వస్తే, మీ వీధిలో వాళ్లంతా ఏమనుకుంటారు?" అంది.

"నా కోసం వస్తోందనుకుంటారు."

ఆమె వానలోకి చూస్తూ కాసేపు ఆలోచించింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అనుకోనీ" అంది.